డ్రైవ్ ఫోల్డర్ మొత్తం టాబ్లెట్‌లోకి దించుకోవాలి, నెట్ లేకున్నా తెరుచుకోవాలి. ఎలా?

రీడింగ్‌రూమ్_మూల:
నమస్తే అందరికీ. గ్రూప్-2 మెటీరియల్ అంతా గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉంది. నాలుగు పేపర్లకి నాలుగు సబ్‌ఫోల్డర్లు, వాటిలో మళ్ళీ చాప్టర్లవారీగా. మొత్తం 11 జీబీ, 640 దాకా పీడీఎఫ్‌లు, కొన్ని గూగుల్ డాక్స్. ఫోల్డర్ నా అకౌంట్‌దే. ఇంకో ముగ్గురికి ఎడిటర్ యాక్సెస్ ఉంది, వారానికి పది పదిహేను ఫైళ్లు వేస్తుంటారు.

టాబ్లెట్ ఆండ్రాయిడ్ 13, 64 జీబీ, సిమ్ లేదు. 128 జీబీ మెమరీ కార్డు ఉంది. హాస్టల్ వైఫై రాత్రిపూటే బాగుంటుంది, రీడింగ్ రూమ్‌లో అసలు రాదు.

డ్రైవ్ యాప్‌లో ఫైల్ మీద ‘మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్’ వస్తోంది, ఫోల్డర్ మీద రావట్లేదు. 640 సార్లు నొక్కాలా? పైగా అలా ఆఫ్‌లైన్ చేసినవి ఫైల్ మేనేజర్‌లో ఎక్కడా కనిపించవు. నాకు జోడో అనే పీడీఎఫ్ యాప్‌లో తెరిచి హైలైట్ చేసుకోవడం కావాలి.

తీగలేనివాడు:
మీరు చూసింది కరెక్టే. ఆండ్రాయిడ్ డ్రైవ్ యాప్‌లో ఆఫ్‌లైన్ అనేది ఫైల్‌కే, ఫోల్డర్‌కి లేదు. ఒకదాని మీద నొక్కి పట్టి, మిగతావి కూడా ఎంచుకుని ఒకేసారి చేయొచ్చు గానీ, రేపు మీవాళ్ళు వేసే కొత్త ఫైల్ దానంతటది రాదు. దిగినవి కూడా ఆ యాప్ సొంత గదిలో ఉంటాయి, ఫైల్ మేనేజర్‌కి తాళం. యాప్ తీసేసినా, స్టోరేజ్ క్లియర్ చేసినా మొత్తం పోతాయి. వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్‌లలో ఫోల్డర్ ఆఫ్‌లైన్ ఉంది, కాకపోతే డబ్బు కట్టిన ప్లాన్లకే.

మీకు కావాల్సింది వేరే సింక్ యాప్, అంటే డ్రైవ్‌లో ఉన్నదాన్ని టాబ్లెట్‌లో ఉన్నదానితో తనే కలుపుతుండేది. ‘ఆటోసింక్ ఫర్ గూగుల్ డ్రైవ్’ గానీ ‘ఫోల్డర్‌సింక్’ గానీ చాలు. ఆటోసింక్ ఉచిత వెర్షన్‌లో ఒక్క ఫోల్డర్ జతే ఇస్తుంది. సబ్‌ఫోల్డర్లు దానిలోకే వస్తాయి కాబట్టి మీకు ఆ ఒక్కటి సరిపోతుంది.

ముందు టాబ్లెట్‌లో ఖాళీ ఫోల్డర్ ఒకటి చేయండి, ‘మెటీరియల్’ అని పేరు పెట్టండి. యాప్ పెట్టగానే ‘ఆల్ ఫైల్స్ యాక్సెస్’ అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. ఆండ్రాయిడ్ 11 నుంచి అది లేకపోతే మామూలు ఫోల్డర్లలో రాయనివ్వదు. తర్వాత జత: అటు డ్రైవ్ ఫోల్డర్, ఇటు ఈ ‘మెటీరియల్’. అసలు సంగతి దాని తర్వాత అడిగే సింక్ పద్ధతి. అక్కడ మొదటే కనిపించే ‘టూ-వే’ని చూసి ఓకే కొట్టేయకండి, అది ఇక్కడి మార్పుల్ని అక్కడికి కూడా పంపుతుంది. ‘డౌన్‌లోడ్ ఓన్లీ’ పెట్టండి. డ్రైవ్‌లో కొత్తగా పడ్డవి దిగుతాయి, ఇక్కడ మీరు పొరపాటున ఏది చెరిపినా అక్కడ చెక్కుచెదరదు.

‘డౌన్‌లోడ్ మిర్రర్’ అని ఇంకోటి ఉంటుంది, పేరు చూసి మోసపోకండి. అది డ్రైవ్‌ని అచ్చు గుద్దినట్టు ఇక్కడ నిలబెడుతుంది. అక్కడ లేనిది ఇక్కడ ఉంటే తీసేస్తుంది. హైలైట్ చేసిన పీడీఎఫ్ కూడా దాని లెక్కలో ‘మారిపోయిన’ ఫైలే, పాతది మళ్ళీ దించి దాని మీద కప్పేస్తుంది.

ఇంకోటి. ఇలాంటి యాప్‌కి మీ డ్రైవ్ మొత్తం చూసే అధికారం ఇస్తున్నారు. ఆధార్, బ్యాంకు కాగితాలు కూడా అదే అకౌంట్‌లో ఉంటే, మెటీరియల్‌కి వేరే అకౌంట్ తెరవడం మేలు. ఉచితంగా 15 జీబీ వస్తుంది, మీది 11. వద్దనుకున్న రోజు గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో థర్డ్ పార్టీ యాప్‌ల దగ్గర ఆ అనుమతి తీసేయొచ్చు.

ప్లగ్‌పాయింట్:
పైన చెప్పిందంతా సరే. ఇంత చేశాక వారం తిరక్కుండానే ‘సింక్ ఆగిపోయింది’ అని పోస్టు వస్తుంది, అందుకే ఇది కూడా.

రాత్రి స్క్రీన్ ఆపి టాబ్లెట్ పక్కన పెడితే ఆండ్రాయిడ్ యాప్‌లన్నిటినీ జోకొడుతుంది. సెట్టింగ్స్‌లో ఆ సింక్ యాప్ పేజీకెళ్ళి బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. శామ్‌సంగ్ అయితే ‘నెవర్ స్లీపింగ్ యాప్స్’ జాబితాలో కూడా చేర్చాలి. షావోమీ అయితే ‘ఆటోస్టార్ట్’ ఆన్ చేయాలి. సింక్ యాప్‌లో ‘ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే’ అని పెట్టి, పడుకునేటప్పుడు ప్లగ్‌కి పెట్టండి. ప్లగ్‌లో ఉన్న టాబ్లెట్‌ని ఆండ్రాయిడ్ అంతగా నిద్రపుచ్చదు.

హాస్టల్ వైఫైకి లాగిన్ పేజీ ఉందా? ఉంటే అసలు దొంగ అదే. ఆ లాగిన్ కొన్ని గంటలకి తనంతట తను తెగిపోతుంది. వైఫై గుర్తు పైన అలాగే ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. పడుకునే ముందు ఒకసారి బ్రౌజర్ తెరిచి లాగిన్ అవ్వండి. ఫోన్ హాట్‌స్పాట్ వాడితే మరో చిక్కు: ఆండ్రాయిడ్ దాన్ని ‘మీటర్డ్’, అంటే డేటా లెక్కపెట్టి వాడాల్సిన నెట్ అనుకుంటుంది, ‘వైఫైలో మాత్రమే’ అని పెట్టిన యాప్ కదలదు. ఆ నెట్‌వర్క్ వివరాల్లో ‘ట్రీట్ యాజ్ అన్‌మీటర్డ్’ ఎంచుకోండి.

11 జీబీ దిగడానికి నికరంగా 20 ఎంబీపీఎస్ వస్తే గంటా పావు, 5 మాత్రమే వస్తే దగ్గర దగ్గర ఐదు గంటలు. మొదటిసారి షెడ్యూల్‌ని నమ్ముకోకుండా ‘సింక్ నౌ’ నొక్కి కాసేపు ముందు కూర్చోండి.

రీడింగ్‌రూమ్_మూల:
ఇద్దరికీ థ్యాంక్స్. డౌన్‌లోడ్ ఓన్లీ పెట్టాను, లాగిన్ పేజీ ఊహ కూడా నిజమే. ఇప్పుడు 617 దిగాయి, 23 రాలేదు. మళ్ళీ మళ్ళీ నొక్కినా అవే 23. హిస్టరీలో ఎర్రగా ‘ఎర్రర్’ అంటోంది, కొన్నిటికి అది కూడా లేదు. ఇవే ఫైళ్లు లాప్‌టాప్‌లో బాగానే దిగాయి. స్టోరేజ్ ఇంకా 20 జీబీ ఖాళీ ఉంది.

అక్షరాలబరువు:
ఆ 23 పేర్లు ఒక్కసారి చదవండి. పొడుగాటి తెలుగు పేర్లేనా?

టాబ్లెట్ లోపలి స్టోరేజ్‌లో ఒక ఫైల్ పేరుకి హద్దు 255 బైట్లు. ఇంగ్లిషు అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి గుర్తుకీ మూడు బైట్లు, ఒత్తుకీ గుణింతానికీ సున్నాకీ విడివిడిగా. ‘రాజ్యాంగం’ తీసుకోండి: ర, దీర్ఘం, జ, పొల్లు, య, దీర్ఘం, సున్నా, గ, సున్నా. కంటికి మూడక్షరాలు, డిస్కుకి 27 బైట్లు. పన్నెండక్షరాల ‘కాన్‌స్టిట్యూషన్’ ఇంగ్లిషులో 12 బైట్లతో పోతుంది! చివరి పీడీఎఫ్ తోక పోను మీకు మిగిలేది 83 గుర్తులు. ఒత్తులున్న పేరైతే ముప్పై, ముప్పై అయిదు అక్షరాలకే నిండిపోతుంది. లాప్‌టాప్ విండోస్ కదా, అక్కడ లెక్క బైట్లలో కాదు, పేరుకి 255 గుర్తుల దాకా పడతాయి. అందుకే అక్కడ దిగి ఇక్కడ దిగలేదు. పేరు డ్రైవ్‌లోనే కుదించండి. ‘పే4 ఉద్యమం 1969’ అంటే చాలదా, పేరులో సిలబస్ అంతా ఎందుకు?

పొడుగు కానివి కూడా ఉంటే మూడు చూడండి. ఒకటి, పేరులో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు ఉన్నాయేమో. డ్రైవ్ ఏది పెట్టినా ఊరుకుంటుంది, ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. ‘పేపర్ 4: తెలంగాణ ఉద్యమం’ అని ఫోల్డర్‌కే పెట్టి ఉంటే అందులోవన్నీ చిక్కుకుంటాయి. రెండు, ఒకే ఫోల్డర్‌లో ‘నోట్స్’ అన్న పేరుతోనే రెండు ఫైళ్లు. డ్రైవ్‌లో అది తప్పు కాదు, టాబ్లెట్‌లో ఒక్కదానికే చోటు. ఇంగ్లిషు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా ఒక్కటే ఉన్నా ఇదే గొడవ. మూడు, ఎర్రర్ కూడా చూపకుండా రానివి చాలావరకు గూగుల్ డాక్స్ అయి ఉంటాయి. అవి అసలు ఫైళ్లే కావు, గూగుల్ దగ్గర ఉండే పేజీకి దారి మాత్రమే. లాప్‌టాప్‌లో తెరిచి ఫైల్, డౌన్‌లోడ్, పీడీఎఫ్ అని దించి, అదే ఫోల్డర్‌లోకి మళ్ళీ ఎక్కించండి. బాణం గుర్తున్న షార్ట్‌కట్ల సంగతీ ఇంతే, అసలు ఫైల్ కాపీ చేసి పెట్టాలి.

రీడింగ్‌రూమ్_మూల:
14 పొడుగు పేర్లు, 6 డాక్స్, 2 ‘నోట్స్’, 1 ప్రశ్నార్థకం. పట్టేశారు!! ఇప్పుడు హైలైట్లు. మావాళ్ళకీ కనిపించేలా టూ-వే పెట్టుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. మెమరీ కార్డులోకి మార్చాలని కూడా ఉంది.

పాతచిప్:
వద్దు. రెండూ ఒకేసారైతే అస్సలు వద్దు.

జోడోలో ఒక్క గీత గీసి సేవ్ చేసినా ఫైల్ సైజూ తేదీ మారతాయి. టూ-వేలో ఆ మారిన ఫైల్ డ్రైవ్‌కెక్కి అందరి కాపీ మీదా కూర్చుంటుంది. మీరు రీడింగ్ రూమ్‌లో నెట్ లేకుండా గీస్తున్నారు, అదే రోజు ఇంకొకరు అదే ఫైల్‌ని మార్చారు. రాత్రి రెండూ ఎదురుపడతాయి. యాప్‌ని బట్టి కొత్తది నిలిచి పాతది పోతుంది, లేదా ‘కాన్‌ఫ్లిక్ట్’ అని రెండో ఫైల్ పుడుతుంది. రెండు పీడీఎఫ్‌ల గీతల్ని కలిపి ఒకటి చేసే తెలివి ఏ సింక్ యాప్‌కీ లేదు. డౌన్‌లోడ్ ఓన్లీలో కూడా, మీరు గీసిన ఫైల్‌కి డ్రైవ్‌లో కొత్త వెర్షన్ వస్తే మీ గీతలకి భరోసా లేదు.

కాబట్టి ‘మెటీరియల్’ ఫోల్డర్‌లో దేనిమీదా గీయకండి. పక్కన ‘నా గీతలు’ అని ఫోల్డర్ చేసి, చదివే చాప్టర్‌ని అందులోకి కాపీ చేసి అక్కడ గీయండి. ఆ ఫోల్డర్‌ని వారానికోసారి చేత్తోనే డ్రైవ్‌లో వేరే చోటికి ఎక్కించండి. మొరటు పద్ధతే, కానీ ఏది ఎవరిదో ఎప్పుడూ తెలుస్తుంది.

కార్డు సంగతి. యాప్‌కి నేరుగా కార్డునే కాకుండా దానిలో ఒక ఫోల్డర్ చేసి అది చూపించండి, ఆండ్రాయిడ్ 11 నుంచి కార్డు మొత్తాన్ని ఎంచుకోనివ్వదు. అది పెద్ద విషయం కాదు. భయపడాల్సింది కార్డు వదులై ఊడినప్పుడు. టూ-వే పెట్టిన యాప్‌కి ఆ క్షణంలో ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే, ‘ఇక్కడ చెరిపేశారు, అక్కడా చెరిపేద్దాం’ అనుకునే ప్రమాదం ఉంది. కొన్ని యాప్‌లు జాగ్రత్తపడతాయి, ఆ నమ్మకంతో 11 జీబీ పందెం కాయకూడదు. అలా జరిగితే వెంటనే యాప్‌లో సింక్ ఆపి డ్రైవ్ ట్రాష్ చూడండి. చెరిగినవి అక్కడ 30 రోజులుంటాయి. మీవాళ్ళు వేసిన ఫైళ్లకి ఓనర్లు వాళ్ళే, వాటిని వాళ్ళ డ్రైవ్‌లో కూడా వెతికించండి. ఒక ఫైల్ మీద వేరేది కూర్చుంటే, ‘మేనేజ్ వెర్షన్స్’లో పాతది మామూలుగా 30 రోజుల దాకా దొరుకుతుంది.

తీగలేనివాడు:
పాతచిప్ గారి మాటకే నా ఓటు. 64లో 20 జీబీ ఇంకా ఖాళీ ఉన్నప్పుడు కార్డెందుకండీ? లోపలే ఉంచండి, కార్డుకి ‘నా గీతలు’ కాపీ ఇవ్వండి.

లాప్‌టాప్ ఎప్పుడూ దగ్గరే ఉండేవాళ్ళకి క్లౌడ్‌తో పనిలేకుండా సింక్‌థింగ్ ఉంది, ఒకే వైఫైలో రెండిటి మధ్య నేరుగా నడుస్తుంది. దాని అసలు ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరులో ఆగిపోయింది, ‘సింక్‌థింగ్-ఫోర్క్’ వాడాలి. టాబ్లెట్ వైపు ‘రిసీవ్ ఓన్లీ’ పెట్టాలి. హాస్టల్ వైఫైల్లో మాత్రం ఒక పరికరం ఇంకోదానికి కనిపించకుండా కట్టేసి ఉండొచ్చు, అందుకే మీకు మొదట చెప్పలేదు.

రీడింగ్‌రూమ్_మూల:
సరే, లోపలే ఉంచుతున్నా. చివరి ప్రశ్న: అన్నీ నిజంగా దిగాయని ఎలా తేల్చుకోవాలి?

ప్లగ్‌పాయింట్:
ఫైల్ మేనేజర్‌లో ‘మెటీరియల్’ మీద నొక్కి పట్టి వివరాలు చూడండి, ఫైళ్ల సంఖ్య లాప్‌టాప్‌లో ఉన్న సంఖ్యతో కలవాలి. సైజు వరుసలో పెట్టి సున్నా బైట్ల ఫైళ్లున్నాయేమో చూడండి, ఉంటే చెరిపి మళ్ళీ సింక్ చేయండి. తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, డ్రైవ్ యాప్ నుంచి కాకుండా జోడో నుంచే మూడు తెరవండి: అన్నిటికన్నా పెద్దది, నిన్న రాత్రి వచ్చింది, పేరు మార్చిన 14లో ఒకటి. ప్రతిదానిలో చివరి పేజీ దాకా వెళ్ళండి. సగంలో తెగిన పీడీఎఫ్‌లు కొన్ని మొదటి పేజీ చూపించి మోసం చేస్తాయి.