ముప్పై అయిదు దాటిన ఆడవాళ్లకు ఫుట్‌బాల్ అవసరమా, నడక చాలదా?

కొర్లగుంట అమ్మ: మా వీధిలో పదిమందిమి ఫుట్‌బాల్ నేర్చుకోవాలని అనుకుంటున్నాం. స్కూల్లో ఖోఖో ఆడడమే, ఆ తర్వాత ఆటల జోలికి పోలేదు. "ఈ వయసులో మోకాళ్లు పోగొట్టుకుంటారా, పొద్దున్నే నడవరాదా" అని ఇంట్లో అంటున్నారు. నిజంగా ప్రమాదమేనా?

మెట్ల దారి: ప్రమాదమే అమ్మా. ఫుట్‌బాల్‌లో మోకాలి లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగడం మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. తెగితే ఆపరేషన్, నెలల తరబడి ఫిజియోథెరపీ. మనకు అలిపిరిలో 3,550 మెట్లున్నాయి, శ్రీవారి మెట్టు దారి ఉంది. పైసా ఖర్చు లేని వ్యాయామం వదిలి బంతి వెంట పరుగెత్తడం దేనికి?

బంతి అక్క: అన్నా, లిగమెంట్ సంగతి మీరు చెప్పింది నిజమే. కానీ అది ఎలా తెగుతుందో కూడా చూడాలి. ఎక్కువసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. పరుగులో ఉన్నట్టుండి ఆగినప్పుడో, తిరిగినప్పుడో, ఎగిరి దిగినప్పుడో మోకాలు లోపలికి వాలిపోతుంది. అంటే ఆగడం, తిరగడం, దిగడం సరిగ్గా నేర్చుకుంటే ముప్పు చాలా తగ్గుతుంది. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా వాళ్ల "11 ప్లస్" వార్మప్ దీనికోసమే, ఇరవై నిమిషాలు పడుతుంది. నార్వేలో టీనేజ్ అమ్మాయిల జట్లతో చేయించి చూస్తే తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయని 2008లో తేలింది. మన వయసు వేరే, ఒప్పుకుంటాను. అందుకే మనం ఇంకా నిదానంగా మొదలుపెట్టాలి.

కొర్లగుంట అక్కా, మొదటి నెల మ్యాచ్ పెట్టుకోవద్దు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి పాస్ ఇచ్చుకోండి, అంతే. బొటనవేలితో తన్నకూడదు, పాదం లోపలి పక్కతో నెట్టాలి. ఆనించిన కాలు బంతి పక్కనే, మోకాలు కొంచెం వంగి ఉండాలి. బంతి వచ్చేటప్పుడు పాదం ఎదురు పెట్టకుండా, తగిలిన క్షణంలో కొద్దిగా వెనక్కి తీసుకోండి, దూరం నుంచి విసిరిన కోడిగుడ్డును పట్టుకునేటప్పుడు చేయి వెనక్కి తీసుకున్నట్టు. బంతి కాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇది కుదిరితే ఆటలో సగం వచ్చినట్టే. తర్వాత చిన్న గ్రౌండ్‌లో అటు నలుగురు, ఇటు నలుగురు ఆడుకోవచ్చు. తలతో కొట్టే ఆట మనకొద్దు.

నడక మంచిదే. కానీ నడకలో ఉరుకు, ఆగడం, పక్కకు తిరగడం లేవు. ఎముకకు ఆ అదురు కావాలి. ఆట అలవాటు లేని ఆడవాళ్లతో డెన్మార్క్‌లో వారానికి రెండుసార్లు చిన్న జట్లుగా ఫుట్‌బాల్ ఆడిస్తే కొన్ని నెలల్లోనే దమ్ము పెరిగింది, కాలి ఎముక గట్టిపడింది. నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారతాయని మనందరికీ తెలుసు, జాగ్రత్త పడాల్సింది ఇప్పుడే.

మెట్ల దారి: మెట్లెక్కినా కాళ్లకు బలమే కదమ్మా. పైగా మన ఎండలో పరుగా?

బంతి అక్క: కాళ్లకు బలమే అన్నా, మెట్లు మానమనడం లేదు. మేలో అయితే పొద్దున ఏడు దాటాక ఆడకూడదు, ఆరులోపే మొదలుపెట్టాలి. ఎండకంటే నన్ను ఎక్కువ భయపెట్టేది రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. కాబట్టి ముందు హిమోగ్లోబిన్ పరీక్ష, తర్వాతే బంతి. అన్నం తినగానే టీ తాగే అలవాటు మానండి, తిన్నదాంట్లో ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఎముకకు కాల్షియం కావాలంటే మన రాగి సంగటి ఉండనే ఉంది.

ఇంకొకటి, ఎవరూ పైకి చెప్పరు. కాన్పులయ్యాక పరుగెత్తితే మూత్రం చుక్కలు పడే వాళ్లు చాలామంది ఉంటారు. సిగ్గుపడి మానేయకండి. మూత్రాన్ని బిగబట్టే కటి కండరాల వ్యాయామాలతో చాలామందికి తగ్గుతుంది, లేడీ డాక్టర్‌ని అడగండి.

కొర్లగుంట అమ్మ: ఆ చివరిది మా వాళ్లలో ఇద్దరికి ఉంది అక్కా, అందుకే వాళ్లు వెనకాడుతున్నారు. చూపిస్తాను. చీరలో రావచ్చా అని ఒకావిడ అడుగుతోంది.

బంతి అక్క: చీర వద్దు, కాలికి చుట్టుకుంటుంది. చుడీదార్ చాలు, చున్నీ తీసేసి రమ్మనండి. లోపల గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా ఉండాలి, కాళ్లకు చెప్పులు కాకుండా బూట్లు. గ్రౌండ్‌లో రాళ్లు ముందే ఏరేయండి. బంతి అయిదో సైజు కొనండి.

మెట్ల దారి: సరేనమ్మా, డాక్టర్‌కి చూపించి, ఆ వార్మప్ చేసి ఆడితే నాకు అభ్యంతరం లేదు. మోకాలు నొప్పి ఉన్నావిడ మాత్రం మెట్లకూ రావద్దు, బంతికీ పోవద్దు. ముందు డాక్టర్ దగ్గరికే పంపండి.