బ్యాంకు స్టేట్‌మెంట్ గ్నూక్యాష్‌లోకి ఎక్కిస్తే తేదీలు, బ్యాలెన్సు తప్పుతున్నాయి

ప్రశ్న:
2025 ఏప్రిల్ నుంచి జూన్ వరకు సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంట్ బ్యాంకు సైటు నుంచి దించుకుని, ఎక్సెల్‌లో తెరిచి, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి, జమాఖర్చుల ప్రోగ్రామ్ గ్నూక్యాష్ 5లోకి ఇంపోర్ట్ చేశాను. ఏప్రిల్ 5న కిరాణా కొట్లో కట్టిన 1,240 రూపాయలు మే 4న కనబడుతున్నాయి. ఖర్చులన్నీ జమ వైపు పడ్డాయి. యూపీఐ రిఫరెన్సు నంబర్లు 5.09512ఈ+11 అని మారిపోయాయి. స్టేట్‌మెంట్‌ని క్యూఐఎఫ్ అనే లెక్కల ఫైలు రకంలోకి మార్చిపెట్టే సైట్లు ఉన్నాయట. వాటితో పనవుతుందంటారా?

జవాబు 1:
ఆ సైట్ల జోలికి వెళ్లకండి. స్టేట్‌మెంట్‌లో మీ ఖాతా నంబరు, చిరునామా, ఎవరికెంత పంపారన్నదీ అన్నీ ఉంటాయి. అది మీ కంప్యూటర్ దాటి పోనక్కర్లేదు. పైగా క్యూఐఎఫ్‌తో మీ తేదీల చిక్కు తీరదు. అందులో 05/04 అని రాస్తే ఏది రోజో ఏది నెలో ఫైలు చెప్పదు, ప్రతి లావాదేవీకీ విడి గుర్తింపు సంఖ్య కూడా ఉండదు. మీ బ్యాంకు ఓఎఫ్‌ఎక్స్ (లావాదేవీలు పంపడానికే ఉన్న ఫైలు రకం) ఇస్తే అది తీసుకోండి. తేదీ అందులో 20250405 అని ఉంటుంది, ఒక్కో వరుసకీ ఒక ఐడీ ఉంటుంది కాబట్టి రెండోసారి ఎక్కించినా గ్నూక్యాష్ గుర్తుపడుతుంది. ఇవ్వకపోతే సీఎస్‌వీయే మేలు.

తేదీలూ రిఫరెన్సులూ చెడింది ఎక్సెల్‌లో తెరిచినప్పుడే. కంప్యూటర్ అమెరికా తేదీ పద్ధతిలో ఉంటే 05/04/2025ని మే 4గా చదువుతుంది. 13/04/2025కి నెల కుదరదు కాబట్టి దాన్ని అక్షరాలుగానే వదిలేస్తుంది. అందుకే 12వ తేదీ వరకున్నవే తారుమారవుతాయి. 12 అంకెల నంబరును కుదించి చూపిస్తుంది, సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ కుదించిన రూపమే ఫైల్లోకి పోతుంది. ఇక దాన్ని వెనక్కి తేలేం. బ్యాంకు నుంచి ఫైలు మళ్లీ దించుకోండి.

దాన్ని ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పేరు చివర ఎక్సెల్ అని ఉన్నా లోపల చదవగలిగే వరుసలే కనిపిస్తే అది మామూలు టెక్స్ట్. పేరు చివర సీఎస్‌వీ అని మార్చి ఎక్సెల్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో తెరవండి. తెరిచేటప్పుడు వచ్చే కిటికీలో తేదీ కాలమ్‌ని ఎంచుకుని రకం డేట్ డీఎంవై (రోజు-నెల-ఏడాది) పెట్టండి. రిఫరెన్సు, వివరాల కాలమ్‌లకు టెక్స్ట్ పెట్టండి. తెరిచాక డెబిట్, క్రెడిట్, బ్యాలెన్సు కాలమ్‌ల అంకెలు గడిలో కుడికి ఉండాలి, ఎడమకి అతుక్కుని ఉంటే అవి అక్షరాలే. 1,05,310.50 లాంటి వాటిలో కామాలు ఆ మూడు సొమ్ము కాలమ్‌లలో మాత్రమే తీసేయండి. తేదీ గడులకు 2025-04-05 రూపం ఇచ్చి, యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి.

ఖర్చులు జమ వైపు పడడానికి కారణం వేరు. ఇంపోర్ట్ కిటికీలో డెబిట్ కాలమ్‌కి అమౌంట్ అని పెట్టి ఉంటారు. క్రెడిట్‌కి అమౌంట్, డెబిట్‌కి అమౌంట్ నెగేటెడ్ (గుర్తు తిప్పిన సొమ్ము) పెట్టాలి. తేదీకి ఏడాది-నెల-రోజు పద్ధతి ఎంచుకోండి. పైనున్న పేరూ చిరునామా వరుసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అన్నింటినీ వదిలేయమనండి. ఈ అమరికకు ఒక పేరిచ్చి దాచుకుంటే వచ్చే నెల మళ్లీ చేయక్కర్లేదు.

జవాబు 2:
తేదీ మీద అనుమానం వస్తే యూపీఐ రిఫరెన్సు నంబరునే అడగొచ్చు. సాధారణంగా మొదటి అంకె ఏడాది చివరి అంకె, తర్వాతి మూడు అంకెలు ఏడాదిలో ఎన్నో రోజన్నది. 5095తో మొదలైతే 2025లో 95వ రోజు, అంటే ఏప్రిల్ 5. మే 4 అయితే 5124 ఉండేది.

ఆ నంబరును వివరాల్లో ఉంచకండి, నంబర్ అనే కాలమ్‌లోకి మార్చండి. గ్నూక్యాష్ వివరాల్లోని మాటలను చూసే ఏ ఖర్చు ఏ ఖాతాకో నేర్చుకుంటుంది. ప్రతిసారీ మారే అంకెల వల్ల దానికి ఉపయోగం లేదు. కొట్టు పేరు మిగిలితే చాలు, రెండు మూడు సార్లు మీరు చూపించాక తర్వాత అదే కిరాణా ఖాతా సూచిస్తుంది. చూపించనివన్నీ ఇంబ్యాలెన్స్-ఐఎన్‌ఆర్ అనే, ఎదుటి ఖాతా తేలనివాటి ఖాతాలో చేరతాయి.

ఎక్కించే ముందు ఈ పరీక్ష తప్పకుండా చేయండి: పై వరుస బ్యాలెన్సుకి ఈ వరుస క్రెడిట్ కలిపి, డెబిట్ తీసేయండి. అది ఈ వరుస బ్యాలెన్సుతో సరిపోవాలి. 1,06,550.50లోంచి 1,240 పోతే 1,05,310.50. సూత్రాన్ని కిందిదాకా లాగితే తేడా ఉన్న వరుస దానంతటదే బయటపడుతుంది. కొత్త లావాదేవీలు పైన వచ్చే ఫైలైతే కింది వరుసతో పోల్చాలి.

మళ్లీ ప్రశ్న:
తేదీలు, రిఫరెన్సులు కుదిరాయండి, ధన్యవాదాలు. పరీక్షలో ఒక్క వరుసలోనే 598 తేడా చూపిస్తోంది. అది వాపసు వచ్చిన 299. ఖాళీ గడుల్లో బ్యాంకు పెట్టిన చిన్న గీతలన్నీ రీప్లేస్‌తో తీసేశాను, ఇంకేమీ మార్చలేదు.

జవాబు 2:
ఆ రీప్లేస్ వల్లే. తేడా సరిగ్గా రెట్టింపు ఉందంటే గుర్తు తిరగబడిందన్నమాట. వాపసును బ్యాంకు డెబిట్ కాలమ్‌లోనే -299.00 అని వేసి ఉంటుంది, గీతలతో పాటు ఆ మైనస్ కూడా పోయి వాపసు కాస్తా ఖర్చుగా మారింది. రీప్లేస్ కిటికీలో గడి మొత్తం సరిపోతేనే అన్న చోట టిక్ పెట్టి మళ్లీ చేయండి.

జవాబు 1:
మొదట తప్పుగా ఎక్కినవాటి మీద కొత్తవి ఎక్కించకండి. గ్నూక్యాష్ సేవ్ చేసినప్పుడల్లా పాత కాపీని అదే ఫోల్డర్‌లో తేదీ, సమయం అంకెలతో ఉంచుతుంది. ఇంపోర్ట్‌కి ముందరి కాపీ తెరిచి దానిలోకి ఎక్కించండి. మీ రెండు ఖాతాల మధ్య పంపుకున్న డబ్బు ఉంటే, మొదటి ఖాతా ఫైలు ఎక్కించేటప్పుడే ఎదుటి ఖాతాగా రెండోదాన్ని చూపించండి. రెండో ఫైలు ఎక్కించేటప్పుడు అదే లావాదేవీ ఎదురైతే కొత్తగా చేర్చే ‘A’ కాలమ్‌లో టిక్ తీసేసి, ఉన్నదానికి జతచేసే ‘C’ కాలమ్‌లో టిక్ పెట్టండి. లేకపోతే ఒకే డబ్బు రెండుసార్లు నమోదవుతుంది.