నీలి అసీల్ జతకు నల్ల పిల్లలు, మరకల పిల్లలు ఎందుకు పుడుతున్నాయి?

ప్రశ్న (శంషాబాద్ పెంపకందారు):

అందరికీ నమస్కారం. శంషాబాద్ దాటిన తరువాత మాకున్న చిన్న మామిడితోటలో అసీల్ కోళ్లను పందేల కోసం కాక, జాతి మీద ఉన్న మమకారంతో పెంచుతున్నాము. పాతబస్తీలో ఒక పెద్దాయన దగ్గర తీసుకున్న పుంజు ఒకటి మా దగ్గర ఉంది. దాని మెడ, వీపు డేగరంగులోనే (ఎర్రగా) ఉంటాయి కానీ, మామూలు డేగలో నల్లగా ఉండవలసిన రొమ్ము, తోక మాత్రం వానమబ్బులా నీలిబూడిద రంగులో ఉంటాయి. ఎంతో వెతికి అదే రంగున్న పెట్టను తెచ్చి జతకట్టించాము. పిల్లలు పెరిగి ఈకలు మార్చుకున్నాక చూస్తే కొన్ని తల్లిదండ్రుల రంగులోనే ఉన్నాయి, కొన్ని నల్లరొమ్ము డేగలయ్యాయి, మరికొన్నింటి రొమ్ము తెల్లబారి అక్కడక్కడా నీలి మరకలు పడ్డాయి.

పెట్ట మేలుజాతిది కాదనీ, దానినీ మరకల పిల్లలనూ తీసివేయమనీ ఒకరు చెప్పారు. ఒళ్లంతా నల్లగా ఉండే కడక్‌నాథ్ జాతి పుంజును కలిపితే కాళ్లు నల్లబడి నీలిరంగుకు నిండుదనం వస్తుందని మరొకరు అన్నారు. నిజంగా పెట్టలోనే లోపం ఉందా? ఈ రంగును స్థిరపరచడం సాధ్యమేనా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (విశ్రాంత పశువైద్యుడు, రాజేంద్రనగర్):

మీ పెట్టలో ఏ లోపమూ లేదు, దయచేసి దానిని తీసివేయకండి. కోళ్లలో ఈ నీలిరంగు ఒకే ఒక జన్యువు వల్ల వస్తుంది, అది నల్ల వర్ణకాన్ని మాత్రమే పలుచబరుస్తుంది, ఎరుపు జోలికి పోదు. అందుకే మీ పుంజు మెడ డేగగానే ఉండి రొమ్ము, తోక మాత్రమే మారాయి. ఈ జన్యువు తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్క ప్రతి వస్తే నలుపు నీలమవుతుంది, ఇద్దరి నుంచీ వస్తే నలుపు దాదాపు తొలగిపోయి తెలుపు మీద నీలి మరకలు మిగులుతాయి, ఎవరి నుంచీ రాకపోతే నలుపు నలుపుగానే ఉండిపోతుంది. కాబట్టి రెండు నీలి కోళ్లను జతకట్టిస్తే సగటున నూటికి 25 నల్లవి, 50 నీలివి, 25 మరకలవి పుడతాయి. ఒక్క పొదుగులోని పదీ పన్నెండు గుడ్లలో ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది, దానికి కంగారు పడనక్కరలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో కేంబ్రిడ్జిలో జన్యుశాస్త్రవేత్త బేట్సన్, ఆయన సహచరులు స్పెయిన్ మూలాలున్న ఆండలూసియన్ కోళ్ల మీద పనిచేసి తేల్చిన విషయం ఇదే.

దీనిని బట్టి నీలితో నీలిని ఎన్ని తరాలు కలిపినా, ఎంత కఠినంగా ఏరినా, ఆ రంగు స్థిరపడదు. పిల్లలన్నీ నీలివే కావాలంటే మరకల కోడిని, అదే వంశానికి చెందిన నల్లరొమ్ము కోడితో జతకట్టించాలి, అప్పుడు పుట్టే ప్రతి పిల్లకూ ఒక్క ప్రతే అందుతుంది. మీకు తీసివేయమని చెప్పిన ఆ మరకల పిల్లలే మీ దగ్గరున్న అసలైన ఆస్తి. మన దగ్గర ఇటువంటి వాటిని రంగు చెడిన కోళ్లని తక్కువ ధరకు అమ్మేస్తుంటారు, అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఈకలు వెనక్కి ముడుచుకునే కోళ్లలోనూ ఇదే లెక్క ఉంది, కానీ అక్కడ ఫలితం కఠినంగా ఉంటుంది. అటువంటి రెండింటిని కలిపితే నాలుగో వంతు పిల్లలకు ఈకలు పెళుసుగా మారి, విరిగి, ఒళ్లు బోడిగా మిగులుతుంది. ముడుచుకున్న ఈకల కోడిని మామూలు ఈకల కోడితో మాత్రమే జతకట్టించాలి.

సమాధానం 2 (ఘట్‌కేసర్ నుంచి):

కడక్‌నాథ్ గురించి నేను చెబుతాను. అది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు జాతి, 2018లో దాని మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని చర్మం, మాంసం, ఎముకల వరకూ వ్యాపించే నలుపునకు కారణమైన జన్యువు వేరు, మీ నీలి ఈకలతో దానికి సంబంధం లేదు. అసీల్‌లో తరచుగా కనిపించే పసుపు కాళ్లకు తోడుగా చర్మపు నలుపును అణచే మరొక జన్యువు ఉంటుంది, అది లింగ క్రోమోజోము మీద ఉంటుంది. పెట్టకు ఆ క్రోమోజోము తండ్రి నుంచి ఒక్కటే వస్తుంది. అందువల్ల కడక్‌నాథ్ పుంజును పసుపు కాళ్ల అసీల్ పెట్టకు కలిపితే ఆడపిల్లలు నల్లచర్మంతోనూ, మగపిల్లలు తేటచర్మంతోనూ వస్తాయి, జతను తిరగేస్తే రెండూ తేటగానే వస్తాయి.

ఇది తెలుసుకోవడానికి ఆసక్తికరమే అయినా మీ గుంపులో చేయవద్దని నా మనవి. అసీల్‌కు ఉన్న నిటారు నిలకడ, వెడల్పైన ఛాతీ, నెత్తి మీద అణిగి ఉండే బఠాణీ జుట్టు (పీ కోంబ్), గట్టిగా ఒంటికి అంటుకునే పొట్టి ఈకలు ఇవన్నీ ఎన్నో జన్యువులు కలిసి నిలబెట్టినవి. తేలికపాటి ఒళ్లున్న కడక్‌నాథ్ రక్తం ఒక్కసారి కలిస్తే అవి చెదిరిపోతాయి, తిరిగి కూర్చడానికి చాలా తరాలు పడుతుంది.

సమాధానం 3 (పెరటికోళ్ల పెంపకందారు, ఉప్పల్):

రంగు లెక్క తెలిసిన తరువాతనే అసలు ప్రమాదం మొదలవుతుందని నా అభిప్రాయం. మరకల పుంజు ఒక్కటి దొరికిందని దానినే పెట్టలన్నింటికీ వదిలితే రెండేళ్లలో గుంపంతా అన్నాచెల్లెళ్లే అవుతాయి. ఒక పుంజు, పది పెట్టలున్న గుంపు చూడటానికి పదకొండు కోళ్లే అయినా, రక్తసంబంధం పెరిగే వేగాన్ని బట్టి చూస్తే అది నాలుగు కోళ్ల గుంపు కన్నా తక్కువ. పెంపకశాస్త్రంలో పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో హెచ్చవేసి, దానిని నాలుగు రెట్లు చేసి, మొత్తం కోళ్ల సంఖ్యతో భాగిస్తారు. నాలుగు పుంజులు, ఎనిమిది పెట్టలు ఉంచితే అదే లెక్క పదిన్నర దాటుతుంది. అన్నాచెల్లెళ్ల జతకు పుట్టిన పిల్లల్లో అంతఃప్రజననం (దగ్గరి రక్తసంబంధపు స్థాయి) 25 శాతం ఉంటుంది, దాని ఫలితం మొదట గుడ్లు పొదగకపోవడంలోనూ, పిల్లలు నిలవకపోవడంలోనూ కనిపిస్తుంది. అసీల్ పెట్ట అసలే తక్కువ గుడ్లు పెడుతుంది కనుక ఆ నష్టాన్ని మనం తట్టుకోలేము.

కాబట్టి ముందు ఒడ్డూ పొడుగూ, కాళ్ల బలం, పొదిగే గుణం చూసి, ఆ తరువాతే రంగు చూడండి. మంచి నల్లరొమ్ము పెట్టను రంగు కోసం వదులుకోకండి, మరకల పుంజుతో కలిపితే దాని పిల్లలన్నీ నీలివే అవుతాయి కదా. అసీల్, ఘాగస్ వంటి దేశీ జాతులను కాపాడుతున్న కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రాజేంద్రనగర్‌లోనే ఉంది, ఒకసారి వెళ్లి వారు వంశావళి ఎలా రాస్తారో చూసి రండి.

ప్రశ్నించినవారు:

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మరకల పిల్లల్లో ఒక పుంజు కాళ్ల బలంతో చక్కగా ఎదుగుతోంది. దానిని వేరే గూటి నుంచి తెచ్చే, దగ్గర రక్తసంబంధం లేని నల్లరొమ్ము పెట్టలతో కలుపుతాము. ఆ పెట్టలు ఇప్పటికే మరొక పుంజుతో తిరుగుతున్నాయి, ఎన్ని రోజులు ఆగాలి?

సమాధానం 1 రాసినవారు:

పెట్ట శరీరంలో పుంజు వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి అంతకు మించి నిలుస్తుంది. పాత పుంజును వేరు చేసిన తరువాత మూడు వారాల పాటు వచ్చే గుడ్లను తినడానికే వాడండి. కొత్త పెట్టలను ఎలాగూ మూడు, నాలుగు వారాలు మీ కోళ్లకు దూరంగా ఉంచి, కొక్కెర తెగులు వంటివి లేవని చూసుకోవాలి గనుక ఆ గడువు అక్కడే తీరిపోతుంది. పొదిగించే ప్రతి గుడ్డు మీదా పెట్ట గుర్తు, తేదీ పెన్సిలుతో రాయండి, పిల్ల బయటికి రాగానే కాలివేళ్ల మధ్య పొరకు గుర్తుగా చిన్న రంధ్రం వేయించండి. నూగుతో ఉన్నప్పుడే నీలిపిల్ల బూడిదరంగు ఛాయతో కొంత తెలిసిపోతుంది కానీ, డేగ వంశంలో అది మోసం చేయవచ్చు, పెద్ద ఈకలు పూర్తిగా వచ్చే దాకా ఏ పిల్లనూ రంగు కోసం ఏరివేయకండి.