యూసీ డేవిస్‌లో సీటొచ్చింది, ఇప్పుడు ఒక క్లాసు డ్రాప్ చేస్తే ప్రమాదమా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ రెండో ఏడు చదువుతోంది. సెప్టెంబరులో ట్యాగ్ (షరతులు నెరవేరిస్తే ట్రాన్స్‌ఫర్ సీటు ఖాయమనే ఒప్పందం), నవంబరులో దరఖాస్తు పెట్టింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా డేవిస్‌లో ట్రాన్స్‌ఫర్ సీటొచ్చింది. చేరుతున్నట్టు జూన్ 1లోగా తెలపాలి. ఈలోపు లీనియర్ ఆల్జీబ్రాలో బాగా వెనకబడింది, డ్రాప్ చేస్తానంటోంది. అది లేకపోయినా ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లు నిండుతాయి. కానీ ఏ కమ్యూనిటీ కాలేజీ క్లాసు యూనివర్సిటీలో దేనికి లెక్కకొస్తుందో చూపే అసిస్ట్ వెబ్‌సైట్‌లో తన మేజర్‌కు (ముఖ్య సబ్జెక్టుకు) అది తప్పనిసరి అని ఉంది. కాలేజీ కౌన్సిలర్ అపాయింట్‌మెంట్ మూడు వారాల దాకా లేదు.

డ్రాప్ చేసే ముందే డేవిస్ అడ్మిషన్స్‌కు రాయాలా? వేసవిలో వేరే కాలేజీలో పూర్తి చేస్తానంటే ఒప్పుకుంటారా? రెండేళ్లుగా సాయంత్రాలు పని చేసుకుంటూ చదివిన పిల్ల, టెన్షన్‌తో నిద్రపోవడం లేదు. ఇలాంటిది దాటినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.