ఎనర్జీ సిస్టమ్స్‌లో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చేసినవాళ్లు ఉన్నారా? ఎక్కడ చేస్తే మేలు?

భీమవరం_ఈఈఈ:
బీటెక్ ఈఈఈ, ఫీడ్ ప్లాంటు మెయింటెనెన్సులో 2 ఏళ్లు. ఎనర్జీ సిస్టమ్స్ టెక్నాలజీలో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చేద్దామనుకుంటున్నాను. కెనడానా, ఆస్ట్రేలియానా, లేక ఇక్కడే బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయడమా? ప్రాజెక్టుకి రొయ్యల చెరువు ఏరేటర్లను (నీటిలో గాలి కలిపే యంత్రాలు) సోలార్ మీద నడిపే డిజైన్ పెట్టుకోవచ్చా? ఎడ్యుకేషన్ లోను సంగతి కూడా తెలిస్తే చెప్పండి.

కాలువగట్టు:
ఆస్ట్రేలియాలో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అంటే మామూలుగా ఆరు నెలల చదువు. చదివాక అక్కడే ఉండి పనిచేసుకునే 485 వీసాకి కనీసం 92 వారాల కోర్సు కావాలి. అంటే అదొక్కటే చేస్తే తిరుగు ప్రయాణమే. కెనడాలో రెండేళ్లలోపు సర్టిఫికెట్ కోర్సయితే వర్క్ పర్మిట్ కోర్సు ఎన్నాళ్లో అన్నాళ్లే ఇస్తారు. 8 నెలలకి తక్కువైతే అసలు రాదు. పైగా 2024 నవంబర్ 1 నుంచి స్టడీ పర్మిట్‌కి అప్లై చేసేవాళ్లకి, కాలేజీ సర్టిఫికెట్ కోర్సయితే దాని సీఐపీ కోడ్ (ఏ సబ్జెక్టు కోర్సో చెప్పే నంబరు) అర్హత ఉన్న కోర్సుల జాబితాలో ఉండాలి. ఏజెంటు కోర్సు పేరు చెప్తాడు గానీ కోడ్ చెప్పడు. ఆ ఆరంకెల కోడ్ కాలేజీ నుంచే మెయిల్లో తెప్పించుకుని, జాబితాతో మీరే సరిచూసుకోండి. ఫీజు ఆ తర్వాతే.

సూర్యశక్తి_పాలకొల్లు:
ప్రాజెక్టు భేషుగ్గా ఉంటుంది తమ్ముడూ. ఎకరం చెరువుకి 10 కిలోవాట్ల ప్యానెళ్లు వేస్తే 8 ఏరేటర్లు తిరుగుతాయి. డెల్టాలో ఎండకి కొదవేముంది?

ట్రాన్స్‌ఫార్మర్_కింద:
అన్నా, ఏరేటర్ ఎక్కువ తిరిగేది రాత్రి. పగలు నీటిలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది. పొద్దుగూకితే అదీ రొయ్యలతో పాటు పీల్చుకోవడమే. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) అట్టడుక్కి పోయేది తెల్లవారుజామున. ఆ వేళ ప్యానెల్ ఏం చేస్తుంది?

లెక్క చూడండి. 2 హెచ్‌పీ మోటారు షాఫ్ట్ మీద 1.5 కిలోవాట్లు, ఎఫిషియన్సీ 80 శాతం అనుకుంటే లాగేది సుమారు 1.87. ఎనిమిదింటికి 15 కిలోవాట్లు. రాత్రిపూట పది గంటలు తిప్పితే 150 యూనిట్లు. కిలోవాటు ప్యానెల్ సగటున రోజుకి 4 యూనిట్లిస్తుందనుకున్నా 37 కిలోవాట్లు దాటుతుంది. బ్యాటరీలో పోయేది కలిపితే 42. బ్యాటరీని 80 శాతమే వాడుకుంటాం కాబట్టి 200 యూనిట్ల బ్యాంకు కావాలి. కిలోవాటుకి 10 చదరపు మీటర్లు వేసుకున్నా ప్యానెళ్లకే పది సెంట్లు పైన పోతుంది. గట్టు మీద అంత చోటెక్కడిది?

సూర్యశక్తి_పాలకొల్లు:
బ్యాటరీ మాట నేనెత్తానా? నెట్ మీటర్ పెట్టుకుంటే పగలు లైనుకిచ్చింది రాత్రి తీసుకుంటాం. నేను చెప్పని మాట నాకు అంటగట్టి లెక్కలు కట్టడం మర్యాద కాదు.

ట్రాన్స్‌ఫార్మర్_కింద:
"8 ఏరేటర్లు తిరుగుతాయి" అని రాసింది మీరే. నెట్ మీటర్ బిల్లు తగ్గిస్తుంది, ఏరేటర్ని తిప్పదు. లైను పోయిన క్షణాన గ్రిడ్ ఇన్వర్టర్ ఆగిపోతుంది, లైన్‌మన్ ప్రాణం కోసం అలా తయారుచేస్తారు. తెల్లవారుజామున 3 గంటలకి కరెంటు పోతే జనరేటరే దిక్కు. పైగా మీ 10 కిలోవాట్లు ఇచ్చేది 40 యూనిట్లే, 150లో నాలుగో వంతు పైచిలుకు. రైతు నమ్మి పెట్టుబడి పెడతాడండీ, మాట జాగ్రత్తగా అనాలి.

సూర్యశక్తి_పాలకొల్లు:
నాలుగో వంతు బిల్లు తగ్గడం రైతుకి తక్కువేం కాదు. "తిరుగుతాయి" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

ఆడిటర్_కాకినాడ:
సర్టిఫైడ్ ఎనర్జీ ఆడిటర్‌ని, 12 ఏళ్లుగా ఇదే పని. అడిగిన ప్రశ్న వదిలేసి చెరువులో పడ్డారు మీరంతా. బాబూ, బీటెక్ వాళ్లకి ఆడిటర్ పరీక్షకి 3 ఏళ్ల అనుభవం ఉండాలి, మీరింకో ఏడాది ఆగాలి. పేపర్లు నాలుగు. మొదటి మూడూ 150 మార్కులవి, మూడేసి గంటలు. నాలుగోది 100 మార్కులు, 2 గంటలు, పుస్తకం చూసి రాయొచ్చు. పుస్తకం ఉందని ధీమాగా వెళ్లినవాళ్లకి ఆ నాలుగోదాన్లోనే టైము చాలదు. ఈఈఈ వాళ్లు తడబడేది రెండో పేపరు: బాయిలర్లు, ఆవిరి, ఫర్నేసులు. మనదేశంలో చట్టప్రకారం జరగాల్సిన ఎనర్జీ ఆడిట్ చేయాలంటే బయటి సర్టిఫికెట్ దీని స్థానంలో పనికిరాదు.

తణుకు_బాయిలర్:
రెండో పేపరు పట్టుబడాలంటే ఉప్పుడు బియ్యం మిల్లుకి వెళ్లండి. ప్రాజెక్టుకీ అదే మేలు. ఊక బాయిలర్ పొగగొట్టంలో ఆక్సిజన్ కొలవండి. 12 శాతం ఉంటే ఎక్స్‌ట్రా గాలి 12/(21-12), అంటే 133 శాతం. డ్యాంపర్ (గాలిని తగ్గించే పలక) సరిచేసి 7కి దింపితే 50 శాతం. ఆ మిగులు గాలంతా వేడెక్కి గొట్టంలోంచి పోతోందన్నమాట. అలాగని గాలి మరీ బిగిస్తే ఊక కాలకుండా బూడిదలో పోతుంది. బూడిద నల్లగా ఉందో తెల్లగా ఉందో రోజూ రాసుకోండి. కొలిచే గొట్టం ఎకనమైజర్‌కి (పొగ వేడితో బాయిలర్ నీటిని కాచే భాగం) ముందు పెట్టండి. తర్వాత పెడితే కీళ్ల సందుల్లోంచి లాగిన గాలి కలిసి రీడింగు తప్పు వస్తుంది.

అంతర్వేది_వైపు:
బాయిలర్లు సరేగానీ, ఏరేటర్ల పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) ఎవరూ ఎత్తలేదు. 15 కిలోవాట్లు 0.7 నుంచి 0.95కి తేవాలంటే 15 × (1.02 - 0.33), సుమారు 10.4 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్లు కావాలి. మీటరు దగ్గర ఒకే పెద్ద కెపాసిటర్ పడేస్తే, రెండు మోటార్లే తిరిగే పగటిపూట అది అవసరానికి మించిపోయి పవర్ ఫ్యాక్టర్ లీడింగులోకి పోతుంది. మోటారు మోటారుకీ చిన్నది పెట్టండి.

ట్రాన్స్‌ఫార్మర్_కింద:
వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) ఉన్న మోటారుకి మాత్రం వద్దు. డ్రైవ్ ఔట్‌పుట్ వైపు కెపాసిటర్ తగిలిస్తే డ్రైవే పోతుంది. ఇంకోటి, జనరేటర్ మీద ఎనిమిదీ ఒక్కసారి స్టార్ట్ చేయొద్దు. ఒక్కోటి నడిచేది 3.5 ఆంపియర్ల మీద, డైరెక్ట్ స్టార్టర్‌లో మొదట లాగేది ఆరింతలు, 21. టైమర్లతో పదేసి సెకన్ల ఎడం ఇవ్వండి.

భీమవరం_ఈఈఈ:
ప్రాజెక్టు ఏరేటర్లే. సోలార్ తీసేసి కెపాసిటర్లు, వరుస స్టార్టింగ్ పెడతాను. అంతర్వేది గారూ, మీ వైపు ఉప్పుగాలికి కెపాసిటర్ టెర్మినళ్లు ఎన్నాళ్లు ఆగుతాయండి?

అంతర్వేది_వైపు:
వట్టి రాగి లగ్గులు పచ్చబారి వేడెక్కుతాయి. తగరం పూతవి కొనండి, సరిగా క్రింపింగ్ చేయించి, పైన హీట్ ష్రింక్ తొడగండి. పెట్టె అడుగున నీరు కారే రంధ్రం వదలండి, కేబుళ్లు కిందనుంచే గ్లాండుతో తేవాలి. పంట దిగిన ప్రతిసారీ, పవరాపి, కెపాసిటర్ డిశ్చార్జి అయ్యాకే బోల్టులు బిగించండి.

కాలువగట్టు:
లోను సంగతి ఎవరూ ముట్టుకోలేదు. తెలిసినవాళ్లు రాయండి.