చిన్న వర్క్‌షాపుల బకాయిల విషయంలో పరిశ్రమల సమాఖ్య అండగా నిలుస్తుందా?

భీమవరం దగ్గర మా వర్క్‌షాపులో రొయ్యల చెరువుల ఏరేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) ఫ్రేములు, షాఫ్టులు తయారుచేస్తాము. ఉప్పునీటికి మామూలు ఇనుప షాఫ్టు బేరింగు దగ్గరే తుప్పుపట్టి అరిగిపోతుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీలే వాడాలి. ఆ సరుకుకు ముందే డబ్బు కట్టాలి, మాకు రావలసిన బిల్లులు మాత్రం నెలల తరబడి ఆగిపోతున్నాయి.

ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలనీ, ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలనీ 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. అయితే ఒంటరిగా ఫిర్యాదు చేస్తే తర్వాతి ఆర్డరు చేజారుతుందన్న భయం ఇక్కడ చాలామందికి ఉంది. అందుకే సమాఖ్యలో చేరాలని ఆలోచిస్తున్నాను. నేటి సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) కూడా 1895లో కలకత్తాలో ఇంజనీరింగ్, ఇనుము వర్తకుల సంఘంగానే మొదలైంది.

ఇలాంటి సమాఖ్యల్లో ఉన్న చిన్న యూనిట్ల యజమానులు దయచేసి చెప్పండి: మీ బకాయిల గురించి సమాఖ్య కొనుగోలుదారుతో నేరుగా మాట్లాడిందా, లేక ఇలాంటి బకాయిల వివాదాలు తేల్చే ప్రభుత్వ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లమని సలహా ఇచ్చి ఊరుకుందా? ఆ కొనుగోలుదారు కూడా సమాఖ్యలో సభ్యుడే అయితే అది ఎవరి పక్షం వహించింది? నన్ను ఎక్కువగా వేధిస్తున్న సందేహం ఇదే. ముందుగా చుట్టుపక్కల వర్క్‌షాపులన్నీ కలిసి స్థానిక సంఘంగా ఏర్పడి, ఆ తర్వాత సమాఖ్యలో చేరడం మేలంటారా?