కోడ్ రివ్యూ టూల్స్ పెట్టాక పీఆర్‌లు కదలడం లేదు, ఏది ముందు సరిచేయాలి?

ప్రశ్న – మెయిన్‌బ్రాంచ్

అందరికీ నమస్తే.

మాది ఏడుగురు డెవలపర్ల టీమ్. జావా బ్యాకెండ్, టైప్‌స్క్రిప్ట్ ఫ్రంటెండ్ రెండూ గిట్‌హబ్‌లో ఒకే రిపోలో (కోడ్ దాచే చోటు) ఉన్నాయి. ఇదివరకు మెయిన్ బ్రాంచ్‌కి ఎవరికి వాళ్ళం నేరుగా పుష్ చేసేవాళ్ళం. అనుమానం వస్తే పక్కవాళ్ళని పిలిచి స్క్రీన్ చూపించేవాళ్ళం. టీమ్ పెరిగాక అది కుదరలేదు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియక, ఒకే పనికి రెండు చోట్ల రెండు రకాల కోడ్ తయారైంది. అందుకే మెయిన్‌కి బ్రాంచ్ ప్రొటెక్షన్ (నేరుగా పుష్ చేయకుండా ఆపే సెట్టింగ్) పెట్టి, ప్రతి పీఆర్‌కి (పుల్ రిక్వెస్ట్, అంటే మన మార్పుని మెయిన్‌లో కలపమనే అభ్యర్థన) ఇద్దరి అప్రూవల్ తప్పనిసరి చేశాం. కోడ్‌లో లోపాలు వెతికే సోనార్‌క్యూబ్, ఈఎస్‌లింట్ టూల్స్, బిల్డ్, టెస్టులు అన్నీ తప్పనిసరి చెక్స్‌లో చేర్చాం.

ఇప్పుడు పాత ఫైల్లో రెండు లైన్లు మార్చినా, ఎప్పుడో ఎవరో రాసిన కోడ్ మీదున్న వార్నింగులకి ఈఎస్‌లింట్ ఎర్రగా చూపిస్తోంది. ఫ్రంటెండ్ మాత్రమే మారిన పీఆర్‌లో బ్యాకెండ్ బిల్డ్ చెక్ 'పెండింగ్' అని అలాగే ఉండిపోతోంది, అడ్మిన్ వచ్చి బైపాస్ చేస్తే తప్ప మెర్జ్ అవదు. ఏ ఫోల్డర్‌ని ఎవరు రివ్యూ చేయాలో చెప్పే కోడ్‌ఓనర్స్ ఫైల్ వల్ల అన్ని పీఆర్‌లూ మా సీనియర్‌కే వెళుతున్నాయి, ఆయన దగ్గర క్యూ పేరుకుపోతోంది. పెద్ద పీఆర్‌ని ఎవరూ ముట్టుకోరు. చివరికి రిలీజ్ ముందు రోజు ఎవరో ఒకరు 'ఎల్‌జీటీఎం' (నాకు బాగానే ఉంది) అని పెట్టి అప్రూవ్ చేసేస్తారు. చిన్న పీఆర్‌లో మాత్రం వేరియబుల్ పేరు మీదే పొడవాటి చర్చ. కొత్తగా చేరిన అమ్మాయి పీఆర్ తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంటోందని చెప్పింది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

వీటిలో ఏది ముందు సరిచేయాలి? ఏ చెక్ మెర్జ్‌ని ఆపాలి, ఏది చెప్పి ఊరుకుంటే చాలు? గెరిట్ అనే ఇంకో రివ్యూ టూల్‌కి మారదామని మాలో ఒకరు అంటున్నారు, దాని గురించి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు – రాత్రిబిల్డ్

నేను బిల్డ్, రిలీజ్ పనులు చూస్తాను. ఇలా టూల్స్ అన్నీ ఒకేసారి తప్పనిసరి చేసిన టీమ్‌లతో చాలాకాలం పనిచేశాను. మీరు చెప్పినవన్నీ సరయ్యేవే. ముందు పెండింగ్ చెక్ సంగతి చూడండి. అడ్మిన్ బైపాస్ చేయడం రోజువారీ అలవాటైతే మిగతా రూల్స్ మీద కూడా ఎవరికీ నమ్మకం ఉండదు.

అది ఎందుకు జరుగుతోందంటే, మీ బ్యాకెండ్ వర్క్‌ఫ్లోకి (బిల్డ్, టెస్ట్ జాబ్‌లని ఆటోమేటిక్‌గా నడిపేది) పాత్ ఫిల్టర్, అంటే ఫలానా ఫోల్డర్ మారితేనే నడవాలన్న షరతు పెట్టి ఉంటారు. బ్యాకెండ్ ఫోల్డర్‌లో ఏమీ మారకపోతే ఆ వర్క్‌ఫ్లో అసలు మొదలే కాదు. మొదలుకాని చెక్ ఫలితం ఎప్పటికీ రాదు, గిట్‌హబ్ మాత్రం దాని కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. అదే వర్క్‌ఫ్లో మొదలై, లోపలి జాబ్ ఒక 'ఇఫ్' షరతు వల్ల స్కిప్ అయితే, దాన్ని గిట్‌హబ్ పాసైనట్టే లెక్కేస్తుంది. కాబట్టి ఫిల్టర్‌ని వర్క్‌ఫ్లో పై నుంచి తీసి లోపలికి తెండి. మొదట ఏ ఫైళ్ళు మారాయో చూసే చిన్న జాబ్, దాని ఫలితాన్ని బట్టి బ్యాకెండ్, ఫ్రంటెండ్ జాబ్‌లు, అన్నింటి చివర వాటి ఫలితాలు చూసే ఒక జాబ్. బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో ఆ చివరి దాన్నే తప్పనిసరి చేయండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దయచేసి మరిచిపోకండి. చివరి జాబ్‌కి 'ఎప్పుడూ నడవాలి' అనే షరతు పెట్టాలి. పెట్టకపోతే, ముందున్న టెస్ట్ జాబ్ ఫెయిలైనప్పుడు ఈ చివరి జాబ్ స్కిప్ అవుతుంది. స్కిప్ అంటే పాస్ కదా! టెస్టులు ఫెయిలైన పీఆర్‌కి మెర్జ్ బటన్ పచ్చగా కనిపిస్తుంది. షరతు పెట్టి, ముందు జాబ్‌లలో ఒక్కటి ఫెయిలైనా, క్యాన్సిలైనా తనూ ఫెయిలయ్యేలా ఆ జాబ్‌లో రాయాలి. రాశాక, కావాలని ఒక టెస్ట్ చెడగొట్టి పీఆర్ తెరిచి చూడండి. నిజంగా ఆపిందని కళ్ళారా చూశాకే నమ్మండి.

ఇక పాత వార్నింగులు. తను ముట్టుకోని కోడ్‌కి రాసినవాళ్ళని బాధ్యుల్ని చేసే చెక్ ఏదైనా సరే, మెర్జ్‌ని ఆపకూడదు. ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం. నాలుగు సార్లు సంబంధం లేని ఎరుపు చూసినవాళ్ళు అయిదోసారి అసలైన ఎరుపును కూడా చూడరు. ఈఎస్‌లింట్‌లో దీనికి సులువైన దారి వచ్చింది: 2025లో వచ్చిన 9.24 వెర్షన్ నుంచి, ఇప్పుడున్న తప్పులన్నింటినీ ఒక ఫైల్లో నమోదు చేసి పక్కన పెట్టొచ్చు. కొత్తగా వచ్చిన వాటికే ఫెయిలవుతుంది. పాతవి తీరిక దొరికినప్పుడు తగ్గించుకుంటూ పోవచ్చు. సోనార్‌క్యూబ్‌లో పాసా ఫెయిలా తేల్చే క్వాలిటీ గేట్ షరతులు 'న్యూ కోడ్' మీదే ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. ఎవరైనా మొత్తం కోడ్ మీద షరతు చేర్చి ఉంటే తీసేయండి.

ఫార్మాటింగ్ గురించి మనుషులు మాట్లాడుకోవాల్సిన పని అసలు లేదు. ప్రెటియర్ లాంటి ఫార్మాటర్‌తో మొత్తం రిపోని ఒకే కమిట్‌లో మార్చేయండి, ఆ కమిట్‌లో ఇంకేమీ కలపొద్దు. తెరిచి ఉన్న పీఆర్‌లు తక్కువగా ఉన్న సమయం చూసుకోండి, లేకపోతే అందరికీ కాన్‌ఫ్లిక్టులే. 'అలా చేస్తే బ్లేమ్‌లో (ఏ లైన్ ఎవరు రాశారో చూపే గిట్ కమాండ్) ప్రతి లైనూ మన పేరు మీదే కనిపిస్తుంది' అని ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి దానికి పరిష్కారం ఉంది. బ్లేమ్‌లో వదిలేయాల్సిన కమిట్ల హ్యాష్‌లు (గుర్తింపు కోడ్‌లు) ఒక ఫైల్లో రాసి, ఆ ఫైలుని గిట్ సెట్టింగ్స్‌లో చూపిస్తే గిట్ వాటిని దాటి అసలు రాసినవాళ్ళని చూపిస్తుంది. రిపో రూట్‌లో ఆ ఫైలు నిర్ణీత పేరుతో ఉంటే గిట్‌హబ్ కూడా పాటిస్తుంది. జావా వైపు ఒక్కసారిగా మార్చడానికి ధైర్యం చాలకపోతే, స్పాట్‌లెస్ అనే ఫార్మాటింగ్ ప్లగిన్‌లో 'ర్యాచెట్' అనే సెట్టింగ్ ఉంది. మెయిన్‌తో పోలిస్తే మారిన ఫైళ్ళనే అది సరిచూస్తుంది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, యంత్రం చూడగలిగింది మనిషి దాకా రాకూడదు. మా దగ్గరికి ఒకసారి బయటి సర్వీస్‌కి డబ్బు చెల్లింపు పంపే చోట రీట్రై (జవాబు రాకపోతే మళ్ళీ పంపడం) చేర్చిన పీఆర్ వచ్చింది. లింటర్ పచ్చ, సోనార్ పచ్చ, టెస్టులన్నీ పచ్చ. రివ్యూ చేసిన అమ్మాయి ఒకే ప్రశ్న అడిగింది: 'మొదటి రిక్వెస్ట్ అవతల పూర్తయిపోయి, జవాబు మాత్రమే మనకి చేరకపోతే?' అలా జరిగితే కస్టమర్ ఖాతా నుంచి రెండుసార్లు డబ్బు పోయేది. ప్రతి చెల్లింపుకీ ఒక విడి కీ పంపి, అదే కీ మళ్ళీ వస్తే అవతలి వైపు పాత ఫలితమే తిరిగిచ్చేలా మార్చారు. కామాలు, ఖాళీ స్థలాల మీద కామెంట్లు రాసి అలిసిపోయిన రివ్యూయర్‌కి ఆ ప్రశ్న తట్టే ఓపిక మిగలదు.

పెద్ద పీఆర్‌ల సంగతి మీ టూల్స్ కంటే ముఖ్యం. గూగుల్‌లో రివ్యూలు ఎలా జరుగుతాయో 2018లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. అక్కడ ఒక మార్పులో లైన్ల మధ్యస్థ విలువ 24 మాత్రమే. రివ్యూ మొత్తం పూర్తవడానికి పట్టే మధ్యస్థ సమయం 4 గంటల లోపు. వాళ్ళ టూల్స్ మనకి లేవు, నిజమే. కానీ మార్పు చిన్నదైతే జవాబు త్వరగా వస్తుందన్నది ఏ టీమ్‌లోనైనా నిజం. కోడ్ సర్దుబాటు ఒక పీఆర్, ప్రవర్తన మార్చేది ఇంకో పీఆర్. పేర్లు మార్చడం, ఫైళ్ళు జరపడం అస్సలు వీటితో కలపొద్దు. ఒకదాని మీద ఒకటి ఆధారపడితే, రెండో పీఆర్ బేస్‌గా మొదటి బ్రాంచ్‌నే పెట్టండి. మీరు స్క్వాష్ మెర్జ్ (పీఆర్‌లోని కమిట్లన్నీ ఒకటిగా చేసి కలపడం) వాడుతుంటే, మొదటిది మెర్జ్ అయ్యాక రెండో దాంట్లో పాత కమిట్లు మళ్ళీ కనిపిస్తాయి, కంగారు పడకుండా కొత్త మెయిన్ మీదికి రీబేస్ చేసి వాటిని వదిలేస్తే సరిపోతుంది.

నేనైతే మెర్జ్‌ని ఆపే హక్కు బిల్డ్‌కి, టెస్టులకి, ఫార్మాటర్‌కి, కొత్త కోడ్ మీది లింట్ తప్పులకి ఇస్తాను. టెస్టుల కవరేజ్ శాతం, కోడ్ కాంప్లెక్సిటీ లాంటివి కామెంట్‌గా కనిపిస్తే చాలు.

జవాబు – ప్యాచ్‌సెట్‌సెవెన్

గెరిట్ రోజూ వాడేవాడిగా చెబుతున్నా. టూల్ నాకు చాలా ఇష్టం. అందులో రివ్యూకి వెళ్ళేది బ్రాంచ్ కాదు, ఒక్కో కమిట్. కామెంట్లు వచ్చాక కొత్త కమిట్ చేర్చకుండా అదే కమిట్‌ని అమెండ్ చేసి (సరిదిద్ది) మళ్ళీ పుష్ చేస్తాం. కమిట్ మెసేజ్‌లో ఉన్న చేంజ్-ఐడీ వల్ల అది పాత మార్పుకే కొత్త ప్యాచ్‌సెట్ (కొత్త రూపం) అని గెరిట్‌కి తెలుస్తుంది. పోయినసారి చూసిన దానికీ ఇప్పటికీ తేడా ఏమిటో రివ్యూయర్ స్పష్టంగా చూడగలడు. ఇప్పుడు ఎవరు స్పందించాలో కూడా పేరు పక్కనే గుర్తు చూపిస్తుంది.

అయినా మీరు ఇప్పుడు మారొద్దు. మీ టీమ్‌లో ఎంతమందికి రీబేస్, అమెండ్ భయం లేకుండా చేయడం వచ్చు? అది రాకుండా గెరిట్‌కి వెళితే కొత్తమ్మాయి టెన్షన్ ఇంకా పెరుగుతుంది. మీరు రాసిన ఇబ్బందుల్లో గిట్‌హబ్ వల్ల వచ్చింది ఆ పెండింగ్ చెక్ ఒక్కటే, దానికి పైన జవాబు వచ్చేసింది.

ఇంకో సంగతి. ఏ టూల్ వాడినా, 'ఇలా ఎందుకు చేశాం' అన్న కారణాన్ని కమిట్ మెసేజ్‌లో రాయించండి. పీఆర్ కామెంట్లు గిట్ హిస్టరీలో ఉండవు. ఫ్యాబ్రికేటర్ అనే రివ్యూ టూల్‌ని నడిపిన సంస్థ 2021 జూన్‌లో దాని పని ఆపేసింది. ఫోర్జ్ అనే పేరుతో కొందరు దాన్ని కొనసాగిస్తున్నారు కాబట్టి సరిపోయింది. టూల్ మారినా మనతో తప్పకుండా వచ్చేది కమిట్ మెసేజే.

జవాబు – మూడోకన్ను

కోడ్‌ఓనర్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. ఆ ఫైల్లో ఒక పాత్‌కి రెండు లైన్లు సరిపోతే, కింద ఉన్నదే చెల్లుతుంది. అన్ని ఫైళ్ళకీ వర్తించే లైన్‌ని చివర పెడితే పైన ఎంత వివరంగా రాసినా ఉపయోగం ఉండదు. మీ ఫైలు ఒకసారి తెరిచి చూడండి, సీనియర్ పేరు చివరి లైన్లో ఉందేమో.

వ్యక్తి పేరు తీసి టీమ్ పేరు పెట్టండి. టీమ్‌లో ఏ ఒక్కరు అప్రూవ్ చేసినా ఓనర్ అప్రూవల్ వచ్చినట్టే. ఆ టీమ్‌కి రిపోలో రైట్ పర్మిషన్ ఉండాలి, లేకపోతే ఆ లైన్ పనిచేయదు. టీమ్ సెట్టింగ్స్‌లో రివ్యూలని వంతులవారీగా పంచే సదుపాయం మీ ప్లాన్‌లో ఉంటే ఆన్ చేయండి. అందరినీ పిలిస్తే ఇంకెవరో చూస్తారులే అని అందరూ అనుకుంటారు. ఒక్కరి పేరు కనిపిస్తే వాళ్ళు చూస్తారు.

ఏడుగురిలో ప్రతి పీఆర్‌కీ ఇద్దరు అంటే చాలా ఎక్కువ. ఒక్కరిని చేయండి. లాగిన్, చెల్లింపులు, డేటాబేస్ మైగ్రేషన్లు ఉన్న ఫోల్డర్లకి మాత్రం ఓనర్ అప్రూవల్ ఉంచండి.

మెయిన్‌బ్రాంచ్

అందరికీ ధన్యవాదాలు. మూడోకన్ను గారు చెప్పినట్టే అన్ని ఫైళ్ళకీ వర్తించే లైన్ మా ఫైల్లో చివర ఉంది! పైకి జరిపాను. ఫ్రంటెండ్ పీఆర్‌లు వెంటనే వేరేవాళ్ళకి వెళ్ళడం మొదలైంది. చివరి జాబ్ కూడా రాశాం, టెస్ట్ చెడగొట్టి చూశాం, ఆపింది. గెరిట్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

రాత్రిబిల్డ్ గారూ, మనుషుల విషయం ఇంకా మిగిలే ఉంది. చెక్స్ సరిచేసినంత మాత్రాన ఆ అమ్మాయి భయం పోదు కదా. మీ దగ్గర ఏం చేశారు?

రాత్రిబిల్డ్

అడిగినందుకు చాలా సంతోషం. చాలామంది చెక్స్ పచ్చబడగానే ఆగిపోతారు.

మొదటిది, కామెంట్ పెట్టేవాళ్ళు అది తప్పనిసరా, సలహానా అని మొదటి పదంలోనే చెప్పాలి. చిన్న విషయాలకి ముందు 'నిట్' అని పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది, మీరూ పెట్టుకోండి. నిట్ ఉన్న పీఆర్‌ని కూడా అప్రూవ్ చేసేయాలి, మార్చాలా వద్దా అన్నది రాసినవాళ్ళ ఇష్టం. ఒకే విషయం మీద రెండు మూడు పీఆర్‌లలో వాదన నడిస్తే దాన్ని లింటర్ రూల్‌గా మార్చండి, లేదా ఇక ఎవరూ ఎత్తకూడదని అనుకోండి. కామెంట్ మీద మూడోసారి ఎదురు జవాబు వచ్చిందంటే కాల్ చేసి మాట్లాడుకుని, తేలినదాన్ని ఆ థ్రెడ్‌లో రాయండి.

రెండోది, ఎదురుచూపు. పీఆర్ తెరిచినవాళ్ళకి మరుసటి పనిదినం లోపు మొదటి స్పందన రావాలని మాట అనుకోండి. పూర్తి రివ్యూ కాకపోయినా పర్వాలేదు, 'మధ్యాహ్నం చూస్తాను' అన్నా చాలు. రోజులో ఎప్పుడు రివ్యూ చేయాలో ఎవరికి వాళ్ళు ఎంచుకోవచ్చు. నేను పొద్దున నా కోడ్ తెరవకముందే క్యూ చూస్తాను. ఎన్ని కామెంట్లు పెట్టారు, ఎన్ని రివ్యూలు చేశారు అని మనుషుల్ని మాత్రం లెక్కపెట్టొద్దు. పీఆర్ తెరిచాక మొదటి స్పందనకి ఎంతసేపు పట్టిందో టీమ్ మొత్తానికి కలిపి చూడండి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆ అమ్మాయిని రివ్యూయర్‌గా పెట్టండి, మీ సీనియర్ రాసిన పీఆర్‌లకే. తప్పులు పట్టమని చెప్పొద్దు, అర్థం కాని ప్రతి లైన్ దగ్గరా ప్రశ్న రాయమనండి. 2013లో మైక్రోసాఫ్ట్‌లో చేసిన ఒక అధ్యయనంలో, రివ్యూల నుంచి బగ్స్ దొరుకుతాయని అందరూ ఆశించినా, నిజంగా ఎక్కువగా దక్కింది కోడ్ గురించి ఒకరి నుంచి ఇంకొకరికి చేరే అవగాహన, మెరుగైన పరిష్కారాలు అని తేలింది. మా టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళందరితో ఇదే చేయిస్తున్నాం. పైన చెప్పిన రీట్రై ప్రశ్న అడిగింది అలా మొదలుపెట్టిన అమ్మాయే.

మీ సీనియర్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఆ ప్రశ్నలకి కామెంట్‌లో జవాబిచ్చి వదిలేయకుండా, వీలైతే కోడ్‌లోనే పేరు మార్చో, ఫంక్షన్ విడగొట్టో జవాబివ్వాలి. తన ప్రశ్న వల్ల మెయిన్‌లో ఒక లైన్ మారిందని ఆమెకి కనిపించాలి.